ఘాటు వచ్చేదాకా

అరేబియా సముద్రంలో తన దారిన తాను పోతున్న సరుకుల ఓడని, మద్రాసులో చూలై అనే పేటలో వంటింట్లో కూచుని ఆపేసిన ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే ఇదిగో, నేనే. నా దగ్గర తుపాకీ లేదు, ఫిరంగి లేదు. ఉన్నదల్లా కాసిని ఎండుమిరపకాయలూ, వాటికి తోడు చిటికెడు తెలివీ. మిరపకాయలు ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి, వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నా తెలివి తోడయ్యాకే కొంప మునిగింది. కొంపంటే ఓడ అనుకోండి, అది మునగడం ఒక్కటే తక్కువ.

ఇది యాభైల నాటి మాట. నాకు పెళ్ళయి ఏడాది దాటింది. మా పుట్టిల్లు చింతాద్రిపేట. మాది నేతబట్టల వ్యాపారం. ఇంట్లో గట్టిగా తుమ్మితే తుంపర్లు బట్టల మీద పడతాయని మా నాన్న కసిరేవాడు. అంత సుకుమారంగా పెరిగిన పిల్లని తీసుకెళ్ళి చూలైలో ఎండుమిరపకాయల మండీ వాళ్ళింట్లో ఇచ్చారు. కింద మండీ, పైన కాపురం. గుంటూరు నుంచి వచ్చిన బస్తాలు దింపుతున్నప్పుడు వీధికుక్కలు కూడా పక్క సందులోంచి చుట్టుతిరిగి వెళ్ళేవి.

కాపురానికి వచ్చిన కొత్తల్లో నేను మాట్లాడింది తక్కువ, తుమ్మింది ఎక్కువ. మా మామగారికి తుమ్ము శకునం పట్టింపు. ఆయన చెప్పులు వేసుకుని కొత్తవాల్ చావడి బజారుకి బయలుదేరేసరికి నేను తుమ్మేదాన్ని. ఆయన వెనక్కొచ్చి, కూచుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచేవారు. నేను మళ్ళీ తుమ్మేదాన్ని. ఆ రోజుల్లో మామగారు తాగినన్ని మంచినీళ్ళు కూవం ఏట్లో కూడా ఉండవు.

"ఏమ్మా రుక్కూ, ఇంకా ఎన్ని ఉండాయి లోపల?" అని అడిగేది మా అత్త కాంతమ్మ.

"నేనేం కావాలని తుమ్ముతున్నానా అత్తా? మీకెవరికీ రావేం తుమ్ములు?"

"మాకా? మా ముక్కులు ఎప్పుడో పోయినాయి. మీ మామకైతే మల్లెపూలన్నా మట్టన్నా ఒకటే. నీకూ సరిపోతాది లే, సుమ్మా ఉండు, గాబరా పడబాకు."

అత్త అన్నట్టే సరిపోయింది. కొన్నాళ్ళకి నా ముక్కు మూగదైపోయింది. ముక్కుపుడక పెట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. నాకు మాత్రం అది గొప్పగానే ఉండేది. మిరపకాయలు వేయిస్తుంటే నన్ను చూడ్డానికి వచ్చిన పుట్టింటివాళ్ళు వీధిలోకి పరిగెత్తేవారు, నేను పొయ్యి పక్కనే కూచుని చిక్కుడుకాయలు ఒలుచుకునేదాన్ని. మెట్టినింట్లో కలిసిపోవడమంటే ఇదే కదా అనుకున్నాను. లోకంలో మిగతా వాళ్ళ ముక్కులు ఇంకా పనిచేస్తున్నాయన్న సంగతే మరిచిపోయాను. ఈ ఒక్క ముక్క కొంగున ముడేసుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇక మా ఆయన సంగతి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ ఇంట్లో అందరిదీ మండీ దారి, ఆయనది ఓడ దారి. బస్తాల మధ్య పుట్టి పెరిగిన మనిషి వైర్‌లెస్ పని నేర్చుకుని, ఒక కంపెనీ వాళ్ళ సరుకుల ఓడలో చేరారు. ఓడకీ ఒడ్డుకీ మధ్య మాటలు నడిపేది ఆయనే. ఒక చిన్న గదిలో కూచుని మీట మీద టిక్కుటిక్కుమని కొడితే ఆ మాటలు గాలిలో ఎగిరి రేవులో దిగుతాయట. నాతో మాట్లాడ్డానికి మాత్రం అలాంటి మీట ఏదీ లేదు. పెళ్ళయిన ఏడాదిలో ఆయన ఇంట్లో ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అలాంటి సమయంలో ఆశ ఒకటి తగిలింది. మద్రాసు హార్బరు దగ్గర కంపెనీ వాళ్ళ వైర్‌లెస్ ఆఫీసులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. అది వస్తే ఆయన ఒడ్డునే ఉంటారు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వస్తారు, మధ్యాహ్నం క్యారియరు పంపితే వేడివేడిగా తింటారు. ఓడ కెప్టెనూ, మద్రాసు ఆఫీసు మేనేజరూ ఇద్దరూ సరేనంటే చాలు. ఇద్దరిలో ఒకరు కాదన్నా ఇంకో నాలుగేళ్ళు సముద్రమే. ఆ ఉద్యోగం కోసం నేను మొక్కని దేవుడు లేడు. పెళ్ళాం అయ్యి ఏం లాభం, మొగుణ్ణి చూడాలంటే గోడ మీద క్యాలెండరు చూడాల్సి వస్తే?

అప్పుడే ఆయన దగ్గర్నుంచి ఫోటో ఒకటి వచ్చింది. తెల్ల దుస్తులు, తెల్ల టోపీ, వెనకాల ఓడ పొగగొట్టం. నేను దాన్ని పెట్టెలో దాచుకోవాలి కదా? దాచలేదు. వీధంతా తిప్పాను. పక్కింటి మంగమ్మక్క ఫోటోని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది.

"అబ్బ, ఏం ఉండాడే నీ మొగుడు. రాజా మాదిరి ఉండాడు. నిజంగా మన చూలైవాడేనా?"

నేను పొంగిపోయాను. ఆ వెనకే ఉత్తరం వచ్చింది. మెడ మీద సెగ్గడ్డలు లేచాయట. రెండు రాత్రులు నిద్ర లేక డ్యూటీలో కునుకు పట్టిందట, కెప్టెను నలుగురిలో చీవాట్లు పెట్టాడట. ఒడ్డు ఉద్యోగం సంగతి ఇంకొన్నాళ్ళలో తేలుతుందట. ఇంకేం కావాలి, మంగమ్మక్క కన్ను తగిలిందని నేనూ అత్తా ఒకేసారి అన్నాం. అత్తాకోడళ్ళం ఒక మాట మీద ఉండటం అదే మొదలు.

దిష్టి తీయడం మీకందరికీ తెలిసిందే. ఉప్పూ, ఆవాలూ, ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పడేస్తారు. మిరపకాయలు ఘాటెక్కి అందరికీ పొలమారిందంటే దిష్టి లేదని లెక్క. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. అత్త మా ఆయన చొక్కా ఒకటి పీటమీద పెట్టి, దానిచుట్టూ తిప్పి, పొయ్యిలో వేసింది. ఇద్దరం పొయ్యి ముందు కూచుని ముక్కులు ఎగబీల్చాం.

"ఏమన్నా తెలస్తా ఉండాదా రుక్కూ?"

"లేదత్తా."

"నాకూ లేదు. మీ మామని పిలువు."

మామగారు మెట్లెక్కి వచ్చి, పొయ్యి మీదికి వంగి, గట్టిగా పీల్చి, "కాఫీ పెట్టినారా?" అని అడిగారు.

అత్త ఇంకో గుప్పెడు వేసింది. ఏమీ లేదు. ఇంకో రెండు గుప్పెళ్ళు వేసింది. ఏమీ లేదు. గోడ అవతల మంగమ్మక్క ఇంట్లో మాత్రం అందరూ దగ్గుతున్నారు. "పాపం, ఇంటిల్లిపాదికీ జలుబు చేసినట్టుంది అత్తా, కషాయం కాచి పంపుదామా" అని అడిగాను కూడా. ఇంత దిష్టి తన జన్మలో చూళ్ళేదని అత్త కళ్ళొత్తుకుంది.

అదిగో, సరిగ్గా అక్కడ నా తెలివి నిద్ర లేచింది.

"అత్తా, చొక్కాకి తీస్తే ఏం లాభం? మనిషి ఆడ, చొక్కా ఈడ. మనిషికే తీయాలి."

"మనిషి సముద్రంలో ఉండాడు గదే."

"పార్సెల్లో పెట్టి పంపుదాం. ఆయన చేతనే తీయించుకుందాం."

"ఓడలో పొయ్యి ఉంటాదా?"

"అంత ఓడకి పొయ్యి ఉండదా అత్తా? ఓడంతా నడిచేదే పొయ్యితో."

అత్త నావంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోడలు చదువుకున్నదని మొదటిసారి సంతోషించినట్టుంది. నేను చదివింది ఎనిమిదో క్లాసే.

కంపెనీ వాళ్ళు అప్పుడప్పుడు ఓడవాళ్ళ ఇళ్ళ నుంచి పార్సెళ్ళు తీసుకుని, ఆ ఓడ తగిలే రేవుకి చేరవేసేవారు. మిగతా ఇళ్ళవాళ్ళు మురుకులో లడ్డూలో ఉన్ని మేజోళ్ళో పంపేవారు. నేనూ అవన్నీ పెట్టాను. అధిరసాలు, అంటే అరిసెలే, పెట్టాను, మురుకులు పెట్టాను, పప్పులపొడి, నిమ్మకాయ ఊరగాయ, తలకి నువ్వులనూనె, సెగ్గడ్డలకి పసుపుకొమ్ములు కూడా పెట్టాను. చివర్లో మండీలోకి దిగి మామగారిని అడిగాను.

"మామా, బాగా ఘాటుగా ఉండే కాయ ఏదండీ?"

వ్యాపారస్తుణ్ణి సరుకు గురించి అడిగితే ఇంకేం కావాలి? ఆయన ముఖం విప్పారింది. "ఇదిగో, ఈ సన్నకాయ తీసుకోమ్మా. దీనికి మించింది మద్రాసులోనే లేదు. ఎందుకు, ఊరగాయకా?"

"ఊఁ" అన్నాను. ఆయన సంచి నిండా పోశారు.

అత్త చెప్పింది గుప్పెడు. కాని నేను లెక్క వేసుకున్నాను. చూలైలో ఒక్క మంగమ్మక్క చూస్తేనే సెగ్గడ్డలు లేచాయి. ఆయన తిరిగే రేవుల్లో ఎన్నెన్ని కళ్ళు ఉంటాయో, వాటిలో నీలికళ్ళు ఎన్నో, పిల్లికళ్ళు ఎన్నో. అన్నిటికీ గుప్పెడు ఎక్కడ చాలుతుంది? సంచి సంచీ మూతి బిగించి పార్సెల్లో పెట్టేశాను. పైన గోనెపట్టా చుట్టి, దబ్బనంతో కుట్టేముందు ఒక చీటీ రాసి లోపల పడేశాను. దిష్టి తీసేటప్పుడు పరాయివాళ్ళ కంటబడకూడదు కదా, అందుకని తలుపులు మూసి ఎవరికీ తెలియకుండా తీసుకోండి అని రాశాను. ఘాటు వచ్చేదాకా వేస్తూనే ఉండండి, మధ్యలో మానేస్తే నా మీద ఒట్టు అని రాశాను. ఆ ఒట్టు కింద గీత కూడా గీశాను. ఎంత శ్రద్ధ చూడండి.

పార్సెలు వెళ్ళింది. నేను నిశ్చింతగా ఉన్నాను. మామగారు సరుకు కొనుగోలుకి గుంటూరు వెళ్ళారు. ఒకనాటి పొద్దున కంపెనీ బంట్రోతు సైకిలు దిగి, "చూలై పార్సెలు కట్టినవాళ్ళు వెంటనే ఆఫీసుకి రావాలంట" అన్నాడు.

"ఉద్యోగం ఇచ్చేసినారు" అంది అత్త.

"అంతే అయ్యుంటుంది" అన్నాను నేను. ఇద్దరం పట్టుచీరలు కట్టుకుని జట్కా ఎక్కాం. బీచి రోడ్డు దాకా దారి పొడుగునా ఆయనకి క్యారియర్లో ఏ రోజు ఏం కూర పంపాలో మాట్లాడుకుంటూనే ఉన్నాం.

మేనేజరు పేరు రంగస్వామి నాయుడు. ఆయనదీ తెలుగిల్లే, తరాలుగా ఈ పక్కనే స్థిరపడ్డవాళ్ళు. ముక్కుమీద కళ్ళద్దాలు, బల్లమీద కాగితాలు ఎగరకుండా నాలుగు గాజు గుండ్లు. మమ్మల్ని కూచోమనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఓడలో ఉండే ఆయన నీకు ఏమవుతాడమ్మా?"

నేను తల వంచుకున్నాను.

"పేరు చెప్పమ్మా."

మొగుడి పేరు ఎలా చెప్పను? అత్త మోచేత్తో నన్ను నెట్టి, "ఇది చెప్పదు, నేను చెప్తా ఉండా. మా సీను. మా పెద్దోడు. ఇది వాడి పెండ్లాం. ఉద్యోగం కాయితం యాడుందో ఇయ్యండి" అంది.

"ఉద్యోగం సంగతి తర్వాత. ఓడ నిలిచిపోయింది."

"యాడ?"

"నడిసముద్రంలో."

"అదేందప్పా, రేవులో నిలపకూడదా?" అంది అత్త.

నాయుడుగారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఓడ నుంచి వచ్చిన సందేశం తీసి చదివారు. ఉన్నట్టుండి గాలిగొట్టాల్లోంచి ఏదో పొగ వచ్చిందట. అది పీల్చినవాడల్లా దగ్గు, తుమ్ములు, కళ్ళ నీళ్ళు. సరుకు అంటుకుందేమోనని కెప్టెను గంట కొట్టించాడట. వంటవాళ్ళు వంట వదిలి, యంత్రాల దగ్గరివాళ్ళు యంత్రాలు ఆపి, అందరూ డెక్కు మీదికి పరుగులు తీశారట. పడవలు దించడానికి కూడా తాళ్ళు విప్పారట. తలలు లెక్కపెడితే ఒక మనిషి తక్కువ. వైర్‌లెస్ మనిషి కనబడలేదు.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "మావోడికి ఏమైంది?" అని అడిగింది.

"ఏం కాలా. అదే గదా నా ప్రశ్న. తడిగుడ్డలు మూతికి కట్టుకుని ఇద్దరు కిందికి దిగినారంట. ఒక స్టోరు గదిలో తలుపు బిగించుకుని, బక్కెట్లో నిప్పులు పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూచోనుండాడంట మీవాడు. ఒక్క తుమ్ము లేదు, ఒక్క దగ్గు లేదు. కెప్టెను దొర పైనించి, ఏంది నువ్వు చేసేది అని అరిస్తే, 'ఒక్క నిమిషం సార్, ఇంకా రాలేదు' అన్నాడంట."

"ఏం రాలేదంట?" అంది అత్త.

"దొర కూడా అదే అడిగినాడంట. ఘాటు, అన్నాడంట."

నేను రాసినట్టే చేశారు. నా మీద ఒట్టు ఉంది కదా, సంచి సంచీ ఖాళీ చేశారు. ఇంత మాట వినే మొగుడు ఎవరికి దొరుకుతాడు చెప్పండి? ఆ క్షణంలో మాత్రం కాస్త మాట విననివాడైతే బాగుండునని అనిపించింది.

"ఇంకో సంగతి," అన్నారు నాయుడుగారు. "ఈ సందేశం కొట్టింది కూడా మీవాడే. ఓడలో ఇంకొకరికి ఆ పని రాదు. దొర పక్కన నిలబడి తిడతా ఉంటే, ఆ తిట్లన్నీ వరసగా తనమీద తానే కొట్టి పంపినాడు."

"పని నేర్చినోడు గదా," అంది అత్త, కొంచెం గర్వంగానే.

నాయుడుగారు బల్ల మీద ఒక కాగితం తట్టి చూపించారు. "అమ్మా, ఒడ్డు ఉద్యోగం కాయితం ఇదే. నేను దీన్ని చించాలా ఉంచాలా మీరే చెప్పండి. ఇంటి నుంచి వచ్చిన పార్సెలు అని తప్ప మీవాడు ఇంకేం చెప్పలేదంట. ఆ పార్సెల్లో ఏం మందు పెట్టినారు? అది విషప్పొగ అని దొర అనుకుంటా ఉండాడు. నిజం చెప్పకపోతే పోలీసుకి రాయాల్సి వస్తాది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఉద్యోగం పోయింది, ఆయన పరువు పోయింది, ఇదంతా నా చేతులారా చేసుకున్నది. కొంగు నోట్లో కుక్కుకుని, "మందు కాదండీ, ఎండుమిరపకాయలండీ. దిష్టికి పెట్టానండీ" అన్నాను.

"ఎండుమిరపకాయలకి ఓడ ఆగతాదా? ఎవురికి చెప్తా ఉండావమ్మా?"

అంతవరకూ ఊరుకున్న అత్తకి రోషం పొడుచుకొచ్చింది. మా సరుకుని నమ్మకపోతే ఆమె ఊరుకునే రకం కాదు. నడుముకున్న తిత్తిలో మండీ మచ్చుకాయలు ఎప్పుడూ ఉంటాయి, వక్కాకులతో పాటు. వాటిని తీసి బల్లమీద పెట్టింది.

"మిరపకాయా విషమా ఇప్పుడే తేలిపోతాది. ఈడ నిప్పులు యాడుండాయి?"

వసారాలో కాఫీ కాచే కుంపటి ఉంది. బంట్రోతు దాన్ని తెచ్చి మధ్యలో పెట్టాడు. కాగితాలు ఎగురుతాయని కిటికీలు అప్పటికే మూసి ఉన్నాయి. మిగతా గుమాస్తాలు కలాలు పక్కన పెట్టి చూస్తున్నారు. అత్త మిరపకాయలు గుప్పిట పట్టి, నాయుడుగారి దగ్గరికి వెళ్ళింది.

"ఇదేందమ్మా?" అని ఆయన వెనక్కి జరిగారు.

"ఉత్తినే ఎందుకు తగలెయ్యాల? ఉద్యోగంలో ఉండే మగోడివి, నీకూ దిష్టి తీసినట్టుంటాది. కదలకుండా ఉండప్పా." ఆయన నెత్తిచుట్టూ మూడుసార్లు తిప్పి, కుంపట్లో పడేసింది.

ఇద్దరం కుంపటి ముందు వంగి చూశాం. మిరపకాయలు నల్లబడి మెలికలు తిరిగాయి. మేం పీల్చాం.

"ఏమన్నా తెలస్తా ఉండాదా రుక్కూ?"

"లేదత్తా."

"ఈయనకీ గట్టిగానే తగిలింది పాపం," అని అత్త తిత్తి బోర్లించి మిగతావన్నీ వేసేసింది.

వెనకాల కుర్చీలు పడుతున్న చప్పుడైంది. తిరిగి చూస్తే నాయుడుగారి కుర్చీ ఖాళీ. బల్లలన్నీ ఖాళీ. టైపు మిషన్లో కాగితం సగంలో ఉంది, కొట్టే మనిషి లేడు. బీచి రోడ్డు మీద ఆఫీసంతా వరసగా నిలబడి దగ్గుతోంది. నాయుడుగారు కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని, పంచె అంచుతో కళ్ళొత్తుకుంటున్నారు. మా జట్కా గుర్రం కూడా తుమ్మింది.

అంతమంది దగ్గుతున్నారు, మా ఇద్దరికీ ఏమీ లేదు. అప్పుడు, మూసి ఉన్న కిటికీ తలుపు ఎవరో తోసినట్టు, నాకు తెలిసొచ్చింది.

"అత్తా, ఘాటు వచ్చింది."

"యాడొచ్చింది? నాకు తెలీలేదే."

"మనకి తెలీదత్తా. మన ముక్కులు పోయినాయి కదా. బయట చూడండి."

అత్త బయటికి చూసింది. కుంపటి వంక చూసింది. మెల్లగా తన ముక్కు తడుముకుంది. "అట్లయితే మావోడికి?"

"దిష్టి లేనే లేదత్తా. ఆయనదీ మన మండీ ముక్కే కదా. సెగ్గడ్డలు ఎండకి లేచి ఉంటాయి."

"మరి ఇన్నేండ్లుగా ఇంట్లో నేను తీసిన దిష్టి అంతా?"

"అంతా మిరపకాయలు తగలెయ్యడమే అత్తా. మంగమ్మక్కకి జలుబు కాదు."

అత్త నాయుడుగారి కుర్చీలోనే కూలబడింది. "మీ మామకి చెప్పబాకు" అంది. ఎంత మంచి సరుకు ఎంతకాలం బూడిద చేసిందో తెలిస్తే మామగారు ఆ రోజు నుంచి వంటింటికి తాళం వేసేవారు.

నాయుడుగారు ముక్కు మూసుకుని గుమ్మం దాకా వచ్చి, "నమ్మినానమ్మా. మిరపకాయే. ఇంక దయచేయండి" అన్నారు. అత్త లేచి వెళ్తూ ఆయన్ని ఆప్యాయంగా చూసి, "నీకు దిష్టి లేదు నాయనా. నిన్ను ఎవురూ కన్నెత్తి కూడా చూళ్ళేదు, నిశ్చింతగా ఉండు" అని దీవించింది. ఆయన ముఖం చూస్తే ఆ దీవెన పెద్దగా ఒంటబట్టినట్టు లేదు.

అది విషం కాదని, మిరపకాయలేనని కెప్టెనుకి సందేశం వెళ్ళింది. కెప్టెను మాట వచ్చేదాకా నేను పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. అన్నం సయించలేదు. ఓడ గుర్తొస్తే ఏడుపు, క్యారియరు కంటబడితే ఏడుపు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అంటారు, నేను మల్లన్నని ఏటి మధ్యలోనే బోడి మల్లన్నని చేసేశాను. అత్త ఒక్క మాట అనలేదు. అంటే సగం పాపం తనకీ వస్తుందని ఆమెకి తెలుసు.

మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి నూలుచీరలే కట్టుకుని వెళ్ళాం. ఆఫీసు గుమ్మం దగ్గరే బంట్రోతు మమ్మల్ని ఆపేశాడు. అత్త తిత్తి తీసుకుని, రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి, దూరంగా కొబ్బరిచెట్టుకి తగిలించి వచ్చాడు. నాయుడుగారు వసారాలోనే, గాలి బాగా వీచేచోట నిలబడి, కెప్టెను పంపిన సందేశం చదివారు.

"మనిషి మంచివాడు. పని బాగా తెలుసు. చెప్పిన మాట వింటాడు, అవసరమైన దానికన్నా ఎక్కువే వింటాడు. అయితే ఇతను ఓడ మీద ఉన్నంతకాలం ఇతని ఇంటి నుంచి పార్సెళ్ళు వస్తూనే ఉంటాయి. నా ఓడలో ఇంకా చాలామంది ఊపిరి పీల్చుకుని బతకాల్సి ఉంది. కాబట్టి ఒడ్డు ఉద్యోగం ఇతనికే ఇవ్వండి. ఆలస్యం చేయవద్దు."

నాయుడుగారు కాగితం మడిచి, "నేనూ సరేనన్నాను" అన్నారు. "ఒక్క షరతు. ఆయన క్యారియరు మీ ఇంటి నుంచి వస్తే ఆఫీసు బయటే కూచుని తినాలి."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పుడు చెప్పలేను. అత్త మాత్రం ఆ వసారాలోనే చెంపలేసుకుని, ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తోచక కెప్టెను దొర ఉన్న పడమటి దిక్కుకి పెట్టింది.

ఆయన ఇల్లు చేరారు. సెగ్గడ్డలు మానిపోయాయి, మనిషి కాస్త చిక్కారు, అంతే. అన్నం వడ్డిస్తూ భయంభయంగా అడిగాను.

"ఆ చివరి సందేశం కూడా మీరే కొట్టారా?"

"నేను కాక ఇంకెవరు కొడతారు?"

"ఇతని ఇంటి నుంచి పార్సెళ్ళు వస్తాయి, ఒడ్డున వేసేయండి అని, మీ చేత్తో మీరే?"

"ఒక్కసారి కాదు రుక్కూ. సరిగ్గా అందిందో లేదోనని మూడుసార్లు కొట్టాను" అన్నారు ఆయన, మిరపకాయ కొరుక్కుంటూ.

ఆ పూటే ఆయన ఎదుట, అత్త సాక్షిగా, దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాను. ఈ జన్మలో సముద్రం మీదున్న ఏ ప్రాణికీ ఎండుమిరపకాయలు పంపను. సంచి కాదు కదా, ఒక్క తొడిమ కూడా పంపను. ఈ ప్రమాణాన్ని ఇన్నేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. కాని ఎప్పుడైనా ఆయనకి మళ్ళీ ఓడ మీదకి మనసు మళ్ళిందంటే మాత్రం, ఆ ప్రమాణానికి నేను పూచీ కాను.